ఆష్‌బీ సారు ఎత్తని వేలు

డాక్టరు నా నెత్తురులో కొవ్వు పెరిగిందని భయపెట్టిన దగ్గర్నుంచి మా ఇంట్లో అవిసె గింజలు రాజ్యమేలుతున్నాయి. మజ్జిగలో ఆ పొడే, జొన్నరొట్టెలో ఆ పొడే, చివరికి పప్పుచారులో కూడా ఓ చెంచా కలిపి, రుచేమైనా మారిందా చెప్పండి అని నా నోటితోనే లేదనిపించాలని చూస్తుంది మా ఆవిడ. అంతవరకు ఓర్చుకున్నాను గానీ, మొన్న ఎవరో చెప్పారని అవిసె నూనె సీసా ఒకటి కొనుక్కొచ్చి వంటింటి గట్టు మీద మూత తీసేసరికి, ముందుగదిలో పేపరు చదువుతున్న నేను లేచి వాకిట్లోకి వెళ్లిపోయాను. ఆమెకు అది ఉత్త నూనె వాసన. నాకు మాత్రం బడి వరండాలో గోడకు వరసగా ఆనించిన క్రికెట్ బ్యాట్లు, చినిగిన బనీను గుడ్డను ఆ నూనెలో ముంచి ఒక్కో బ్యాటును చంటిపిల్లకు ఒళ్లు రుద్దినట్టు రుద్దే ముసలి తెల్లటి చేతులు, ఆ చేతుల పక్కన నేల చూస్తూ కూచున్న పద్నాలుగేళ్ల నేను. ముప్పై ఏళ్లు దాటిపోయాయి. అయినా ఆ వాసన తగిలితే ఇప్పటికీ కూచున్నచోట కూచోలేను.

మాది ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లోని వాడ. మా బాపు వర్ధన్నపేట దిక్కు ఊరు విడిచి వచ్చి మార్కెట్ యార్డులో హమాలీగా కుదిరాడు. చలి తగ్గీ తగ్గకముందే మొదలయ్యే మిర్చి సీజనులో మా వాడంతా తుమ్ముతూ నిద్రలేచేది. బస్తాలు మోసి వచ్చిన బాపు బట్టలను, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ మా బట్టల్లో కలవనిచ్చేది కాదు, బావి గట్టు మీద విడిగా నానబెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఉతికేది. ఆ చేతులతో మా ముఖాలు తుడిస్తే కళ్లు మండి ఏడ్చేవాళ్లం. మక్కకంకులు కాల్చుకునే వానాకాలంలో బిళ్లంగోడులాంటి చిర్రగోనె ఆడేవాళ్లం, తంగేడు పూలు విరగబూసి బతుకమ్మలు పేర్చే రోజుల్లో గోలీలు ఆడేవాళ్లం, చలికాలం పొద్దునే ఉడకబెట్టిన గింజల గుడాలు జేబులో పోసుకుని ఎగురుకుంటూ బడికి పోయేవాళ్లం. మిర్చి సీజను వచ్చేసరికి మాత్రం ఆటలన్నీ పక్కకు పోయి క్రికెట్ ఒక్కటే మిగిలేది. అది మాకు నేర్పినవాడు ఆష్‌బీ సారు.

ములుగు రోడ్డు మీద మా బడి. ఒకప్పుడు మిషన్ వాళ్లు పెట్టింది, మా నాటికి తెలుగు మీడియం బడుల్లో ఒకటిగా మిగిలింది. ఆ బడి ఆవరణలో, పెంకుటిల్లు అనాలో గది అనాలో తెలియని చోట ఆష్‌బీ సారు ఒక్కడే ఉండేవాడు. నిజమైన ఇంగ్లండు మనిషి. ఎప్పుడో నడివయసులో రెండేళ్లు పాఠాలు చెప్పి పోదామని వచ్చాడట, ఆ రెండేళ్లు ఎప్పటికీ పూర్తి కాలేదు. పెళ్లి చేసుకోలేదు. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి, ఎండకు రంగు మారి పండిన జామకాయలా ఉండేవాడు. హాస్టల్లో వంట చేసే లచ్చవ్వ దగ్గర తెలుగు నేర్చుకున్నాడు కాబట్టి ఆ ముఖానికీ ఆ మాటలకూ పొత్తు కుదిరేది కాదు; బడి నడిపే కరస్పాండెంటు గారితో ఇంగ్లీషులో ఎంత మర్యాదగా మాట్లాడినా, మా దగ్గరికి వచ్చేసరికి "జర ఆగు బిడ్డా, ఎడమ మోచెయ్యి గట్ల కాదు" అనేవాడు. కొత్తగా చేరిన పిల్లలు మొదటి రోజు పకపకా నవ్వేవాళ్లు, రెండో రోజు నుంచి ఆయన బిడ్డా అంటే పలికేవాళ్లు. అవ్వ సర్వపిండి చేసిన రోజు ఓ ముక్క మోదుగాకులో చుట్టి ఇచ్చి పంపితే, ఆ రొట్టె చిల్లుల్లోంచి నన్ను చూసి కన్నుకొట్టి, ముందు అంచులన్నీ తిని, మెత్తటి నడిమి భాగం చివరికి దాచుకునేవాడు.

ఆయన క్రికెట్ కథ మాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఇంగ్లండులో ఆయన ఒక బడిలో పంతులు. సెలవుల్లో బడి మూసేశాక ఆ జిల్లా జట్టులో ఎవరికైనా దెబ్బ తగిలితే ఈయనకు కబురు వచ్చేదట. పట్టుమని పది మ్యాచులు ఆడాడో లేదో. పైసలు తీసుకోకుండా ఆడేవాళ్లను అమెచ్యూర్లు అనేవాళ్లని, కూలికి ఆడేవాళ్లు వేరే ఉండేవాళ్లని చెప్పేవాడు. ఇద్దరిదీ ఒకటే జట్టు, ఒకటే బంతి. కానీ గ్రౌండులోకి దిగే గేట్లు వేరు, బట్టలు మార్చుకునే గదులు వేరు, అన్నం తినే బల్లలు వేరు. తండ్రి వయసున్న కూలి ఆటగాడు కూడా ఈయన్ని సార్ అనాల్సిందే. ఇది మాకు అర్థం కాదేమోనని ఆగి ఆగి చెప్పేవాడు. చాయ్ హోటల్లో రెండు రకాల గ్లాసులు ఉన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, మాకు దాన్ని విడమర్చాల్సిన పని లేదు. ఇంటికి వెళ్లి బాపుకు చెబితే, కూలి తీసుకోనోడు పెద్దోడు, తీసుకున్నోడు చిన్నోడా, అదేం న్యాయమని చాలాసేపు తనలో తను గొణుక్కున్నాడు.

సారు మాకు నేర్పిన వాటిల్లో కొట్టడం కన్నా పెద్దది నడవడం. బంతి బ్యాటుకు గోరంత తాకి కీపర్ చేతిలో పడిందనుకోండి. చూసేవాళ్లకు తెలియకపోవచ్చు, అంపైరుకు తెలియకపోవచ్చు, బ్యాటు పట్టుకున్న చేతికి మాత్రం తెలిసిపోతుంది. తెలిసినవాడు అంపైరు దిక్కు చూడకూడదు, బ్యాటు చంకలో పెట్టుకుని నడిచి పోవాలి. మా బడి పిల్లలం అందరం అలాగే పోయేవాళ్లం. మిగతా బళ్లవాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు, అంపైరు అవుట్ ఇయ్యకున్నా పోయే పిచ్చోళ్లని. ఒకసారి నేను, నడవడానికి బాధగా ఉండదా సార్ అని అడిగితే, ఆయన తన మొదటి మ్యాచ్ సంగతి చెప్పాడు. అందులో ఆయన అలాగే నడిచి వచ్చేశాడట. గేటు దగ్గర కూలికి ఆడే ముసలి బౌలర్ ఒకడు బూట్లు విప్పుకుంటూ, "మీకు నడుచుడు అల్కనే సార్, మీ రాత్రి బువ్వ దీని మీద లేదు గద" అన్నాడట. లచ్చవ్వ తెలుగులోకి దించి చెప్పాడు ఆ మాటను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. 

నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు ఓ సాయంత్రం బడి ముందు రోడ్డు దాటుతున్నాం, ఆయన ముందు, స్టంపుల సంచి మోస్తూ నేను వెనక. ములుగు నుంచి వచ్చే కట్టెల లారీ ఒకటి హారన్ మోత మోగించుకుంటూ మీదికి వచ్చేస్తోంది. సారు తల కూడా తిప్పలేదు. నేను సంచి పారేసి చొక్కా పట్టుకుని గుంజితే ఇద్దరం మట్టిలో పడ్డాం. లేచి దులుపుకుంటూ ఆయన నా ముఖం చూశాడు, నాకు అర్థమైందని ఆయనకు అర్థమైంది. పడుచు వయసులో యుద్ధానికి పోయి ఫిరంగి పక్కన నిలబడ్డప్పుడే ఎడమ చెవి పూర్తిగా పోయిందని, ఇప్పుడు కుడిది కూడా మొరాయిస్తోందని చెప్పి, ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పనని తలమీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేశాను.

ఆ ఒట్టు ఎంత బరువో తర్వాత తెలిసింది. కరస్పాండెంటు గారికి అప్పటికే ఆ గది మీద కన్నుంది. ముసలాయనకు వయసైపోయింది, ఇంక పాఠాలేం చెబుతాడు అని టీచర్ల గదిలో అంటుండేవాడు. చెవులు కూడా లేవని తెలిస్తే ఉద్యోగమూ పోతుంది, గదీ పోతుంది. ఇంగ్లండులో ఓ చెల్లెలు తప్ప ఆయనకు ఎవరూ లేరు. అందుకని క్లాసులో వెనక బెంచీవాడు ఏదైనా అడిగితే, ముందు బెంచీలో సారుకు కుడి వైపున కూచున్న నేను అదే మాటను గట్టిగా మళ్లీ అనేవాణ్ణి. బడి గంట కొడితే పుస్తకం మూసి చూపేవాణ్ణి. ఎవరైనా కనిపెట్టేస్తారేమోనని రోజంతా వెనక బెంచీల దిక్కు చూస్తుండేవాణ్ణి.

ఇక అంపైరింగు సంగతి. మా ఊళ్లో బళ్ల పోటీల్లో బ్యాటింగు చేసే జట్టు వాళ్ల సారే అంపైరుగా నిలబడేవాడు. సొంత పిల్లాణ్ణి అవుట్ ఇచ్చిన అంపైరును నేనెరగను, ఒక్క ఆష్‌బీ సారును తప్ప. ఆయన మొహమాటం లేకుండా మా వాళ్లకే ముందు వేలెత్తేవాడు. అందుకని పెద్ద మ్యాచులకు రెండు జట్లవాళ్లూ కలిసి, ఆష్‌బీ సారు ఒక్కడుంటే చాలు, బౌలర్ వైపు రెండు చివర్లా ఆయనే నిలబడాలి అనేవాళ్లు. ఓవరు కాగానే ఈ చివర నుంచి ఆ చివరకు తెల్ల కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నడిచి వెళ్లేవాడు. చెవులు లేకుండా ఎలా నెట్టుకొస్తున్నాడో నా ఒక్కడికే తెలుసు. బంతి పక్కకు తిరిగితే కళ్లకు కనపడుతుంది. తిరగకుండా చప్పుడు మాత్రం చేసేదైతే, మా పిల్లలు ఎలాగూ నడిచిపోతారు, మమ్మల్ని చూసి సిగ్గుపడో ఏమో ఆయన ముందు అవతలి వాళ్లూ నడిచిపోయేవాళ్లు. మేం నడుస్తున్నంత కాలం ఆయన చెవులతో ఎవరికీ పని పడలేదు.

ఆ ఏడు ఫైనలుకు వచ్చాం. అవతలిది కోట దిక్కు బడి. వాళ్ల బౌలర్ వేణు, చౌరస్తాలో బట్టల దుకాణం వాళ్లబ్బాయి. మాకంటే జానెడు పొడుగు, కొత్త తెల్ల బూట్లు. హన్మకొండలో ఓ కాలేజీ గ్రౌండులో మ్యాచ్. సరిగ్గా మిర్చి ముమ్మరంగా వస్తున్న రోజులు. అలాంటి రోజు పని విడిచిపెట్టి బాపు వస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు. క్రికెట్ అంటే పనిలేనోళ్ల ఆట అనే మనిషి. నేను ప్యాడ్లు కట్టుకుంటూ తలెత్తి చూస్తే గ్రౌండు గోడ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు, చొక్కా నిండా ఎర్రటి మిర్చి దుమ్ము. ఆయన చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తుమ్ముకుంటూ దూరం జరుగుతున్నారు, ఆయన అదేదీ పట్టించుకోకుండా నన్నే చూస్తున్నాడు.

నేను దిగేసరికి మా వాళ్లు ఏడుగురు అవుటైపోయారు. ఇంకా చాలా పరుగులు కావాలి. అతి కష్టం మీద రెండు పరుగులు తీశాను.  వేణు మళ్లీ పరుగెత్తుకుంటూ వచ్చి వేశాడు, నేను ముందుకు వంగి అడ్డం పెట్టాను. చేతిలో చిన్న జలదరింపు, గోరు విరిచినట్టు టిక్‌మని చప్పుడు, బంతి ఏ పక్కకూ తిరగకుండా తిన్నగా పోయి కీపర్ చేతుల్లో పడింది. గ్రౌండంతా ఒక్కసారి అరిచింది. వేణు చేతులెత్తి తిరిగి సారు ముఖంలోకి చూశాడు.

సారు నా ముఖంలోకి చూశాడు.

ఆ చూపులో అనుమానం లేదు. నేను నడుస్తానా లేదా అని మాత్రమే చూస్తున్నాడు. నడిస్తే అవుట్, నడవకపోతే కాదు, అంతే లెక్క. నాకు తెలుసు, ఆ గ్రౌండు మొత్తం మీద ఆ చప్పుడు వినపడనివాడు ఆయనొక్కడే అని. కాళ్లు కదపాలనుకున్నాను. గోడ పక్కన బాపు లేచి నిలబడ్డాడు, ఆటేమిటో తెలియని మనిషి, అందరూ అరిచారు కాబట్టి తన కొడుక్కు ఏదో అయిందని లేచాడు. నడవడానికి దొరికే సమయం చాలా చిన్నది, అందులో రెండు గుక్కల ఊపిరి కూడా పట్టదు. నేను తలదించుకుని బ్యాటుతో నేల మీద గీత గీసుకున్నాను. తల ఎత్తేసరికి సారు చెయ్యి జేబులోనే ఉంది. అవుట్ కాదన్నట్టు తల ఊపి, ముందుకు పదండి అన్నాడు.

ఆ తర్వాత నా చేతికి భయం పోయింది. ఏం కొట్టానో, ఎలా కొట్టానో సరిగ్గా గుర్తులేదు. గెలిచాం. మా వాళ్లు నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. పైనుంచి చూస్తే బాపు పక్కవాడికి నన్ను వేలుపెట్టి చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. నా జన్మలో ఆయన్ని అంత సంతోషంగా చూడటం అదే మొదలు. కిందికి దించేసరికి సారు చుట్టూ కోట దిక్కు బడి పిల్లలు గుమిగూడి ఉన్నారు. వాళ్ల డ్రిల్లు మాస్టారు మీసం దువ్వుకుంటూ, అందరికీ వినపడేలా గట్టిగా అడిగాడు.

"గింత దూరం నిలబడ్డ నాకు ఇనపడ్డది. పక్కనే ఉన్న మీకు ఇనపడలేదా సార్?"

కప్పు ఇవ్వడానికి వచ్చిన కరస్పాండెంటు గారు కూడా మెడలో దండతో అక్కడే నిలబడి వింటున్నాడు. సారు అవునన్నా చిక్కే, కాదన్నా చిక్కే. వినపడిందంటే దొంగ, వినపడలేదంటే చెవిటివాడు.  ఆయన రెండూ అనలేదు. గుంపులో నన్ను వెతికి, రమ్మని చెయ్యి ఊపాడు.

"సమ్మయ్యా, బంతి నీ బ్యాటుకు తాకిందా బిడ్డా?"

నిజం చెబితే సారు చెవుల సంగతి బయటపడుతుంది, ఆయన గది పోతుంది, నేను ఒట్టు వేశాను కదా, ఆయన్ని కాపాడాలి అని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. చాలా ఏళ్లు అదే చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం మిర్చి దుమ్ముతో నా వెనకే నిలబడి ఉంది. బాపు అప్పటికి నా దగ్గరకు వచ్చేశాడు, ఆయన చెయ్యి నా వీపు మీద ఉంది.

"లే సార్. తాకలే."

నేను తల అడ్డంగా ఊపడం చూసి సారు అటు తిరిగి, "ఇన్నరు గద. తాకలేదంటాండు. ఇగ అయిపోయింది" అన్నాడు. నా మాట మీద ఆయన తన పేరు మొత్తాన్ని పెట్టేశాడు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. డ్రిల్లు మాస్టారు నవ్వి వెళ్లిపోయాడు. కరస్పాండెంటు గారు కప్పు నా చేతికిచ్చాడు.

మాట అక్కడితో ఆగితే బాగుండేది. వారం తిరిగేసరికి బళ్లన్నిటా పాకిపోయింది. నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు. ఎంత తెల్లోడైనా సొంత బడి అనేసరికి మనలాగే దిగజారిండని సంబరపడ్డారు. ఇన్నాళ్లూ ఆయన ఒక్కడే చాలన్నవాళ్లు, తర్వాతి మ్యాచుకు ఆయన వద్దని ముందుగానే చీటీ పంపారు. నేను దొంగకు తేలు కుట్టినట్టు తిరిగాను. ఉగాది వచ్చింది, అవ్వ పచ్చడి గిన్నె చేతికిస్తే నాకు అందులో వేపపువ్వు తప్ప ఏమీ తగల్లేదు. ఎవరైనా దొంగ అనే మాట అంటే, అది కోళ్లను ఎత్తుకుపోయినవాడి గురించైనా సరే, భుజాలు తడుముకునేవాణ్ణి. బాపు మాత్రం యార్డులో అందరికీ నా ఆట గురించి చెప్పుకుంటూ తిరిగేవాడు, అది ఇంకా కష్టంగా ఉండేది.

అప్పుడు సారు ఒక పని చేశాడు, అది నేను కలలో కూడా ఊహించనిది. తనంతట తనే కరస్పాండెంటు గదికి వెళ్లి, తనకు చెవులు సరిగ్గా వినపడవని, ఆ రోజు పొరపాటు జరిగి ఉంటే అది చెవులదే తప్ప మనసుది కాదని, ఇక అంపైరుగా నిలబడనని చెప్పేశాడు. నేను ఒట్టు వేసి, అబద్ధమాడి, ఇన్నాళ్లూ దాచినదాన్ని ఆయన ఒక్క పూటలో చెప్పేశాడు. అప్పటికి గానీ నాకు బుర్రకెక్కలేదు, చెవిటివాడంటే ఆయన ఓర్చుకోగలడు, దొంగ అంటే ఓర్చుకోలేడని. పద్నాలుగేళ్ల తెలివితో నేను ఆయన్ని చిన్న దెబ్బ నుంచి తప్పించి పెద్ద దెబ్బ కిందికి తోశాను. పైగా ఆయన మాటను ఎవరూ నమ్మలేదు. "దొరికేసరికి చెవిటోన్నని నాటకమాడ్తాండు" అని మా బడి గుమస్తానే అన్నాడు, నేను అక్కడే ఉండగా. ఎండాకాలం సెలవుల్లోగా గది ఖాళీ చేయాలని ఆయనకు కాగితం ఇచ్చారు.

ఇప్పుడు నిజం చెబితే పోయేది నా పరువొక్కటే, సారు మీద పడ్డ మచ్చ మాత్రం తుడిచిపెట్టుకు పోతుంది. అంత తెలిసి కూడా రెండుసార్లు బడి గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. మూడోసారి వెళ్లేసరికి మధ్యాహ్నం, బడిలో ఎవరూ లేరు, ఎండ వరండాలో సగం దాకా వచ్చింది. ఆయన బ్యాట్లన్నీ బయట పెట్టుకుని నూనె రుద్దుతున్నాడు. కూచో బిడ్డా అన్నాడు. ఆయనకు రెండు పక్కలా చోటుంది. కుడి పక్కన కూచుంటే ఎలాగోలా వినపడుతుంది. నాలుగు నెలలు ఆ చెవి పక్కనే కూచుని గట్టిగా మాట్లాడినవాణ్ణి, నాకు తెలియక కాదు. వెళ్లి ఎడమ పక్కన కూచున్నాను.

కూచుని, నేల చూస్తూ, బంతి తాకింది సార్, నాకు తెలుసు, నేనే అబద్ధమాడిన అని చెప్పాను. గొణగలేదు, మామూలు గొంతుతోనే మొత్తం చెప్పాను. బనీను గుడ్డ బ్యాటు మీద పైకీ కిందికీ ఆగకుండా పోతూనే ఉంది.  ఆ బ్యాటు పని అయ్యాక ఆయన గుడ్డ పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"ఆ రోజు అందరి ముందల నిన్ను అడగకపోయేదుండె బిడ్డా. నువ్వు నిలబడ్డవంటే తాకలేదనే. మల్ల అడిగి, నీ మాట మీద అనుమానం పెట్టిన. తప్పు నాది."

నేను ఇంకో పక్కకు జరిగి మళ్లీ చెప్పొచ్చు. ఒర్రి చెప్పొచ్చు, పెరట్లో గిన్నెలు తోముతున్న లచ్చవ్వకు కూడా వినపడేలా. చెప్పలేదు. ఆయన చాయ్ పెడితే తాగి, కొన్ని బ్యాట్లు నేనూ రుద్ది ఇంటికొచ్చాను. సెలవులకు ముందే ఆయన వెళ్లిపోయాడు. ఆయన ఎక్కిన రైలు చూడటానికి కాజీపేటకు బడి పిల్లలందరూ వెళ్లారు, నాకు జ్వరమని చెప్పి ఇంట్లో పడుకున్నాను. రెండేళ్లకో మూడేళ్లకో, ఇంగ్లండులో చెల్లెలి ఇంట్లో చనిపోయాడని బడిలో ప్రార్థన సమయంలో చెప్పి, పిల్లలను ఒక నిమిషం నిలబెట్టారని విన్నాను.

ఇప్పుడు ఆ బడి పేరు మారింది, ఇంగ్లీషు మీడియం అయింది, ఆడుకునే చోట ఫంక్షన్ హాలు లేచింది. సారు ఉన్న గది ఎక్కడుండేదో జనరేటరు షెడ్డును బట్టి ఆనవాలు పట్టాలి. పిల్లలు వలలు కట్టిన డబ్బాల్లాంటి చోట్ల గంటకింత అని పైసలు కట్టి క్రికెట్ ఆడుకుంటున్నారు. బంతి బ్యాటుకు తాకిందో లేదో చెప్పడానికి యంత్రాలు వచ్చాయి. తాకిందని తెలిసిన ఆటగాడు కూడా టీవీ తెర వైపు చూస్తూ అక్కడే నిలబడతాడు, అది ఎవరికీ వింతగా అనిపించదు. నాకు పోస్టాఫీసు నౌకరి, ఇంకొన్నేళ్లలో అదీ అయిపోతుంది. ఊరి దగ్గర బాపు కొన్న ఎకరం చెలకలో మిర్చి పెడుతుంటాను.

పోయిన వానాకాలం విత్తనాల కోసం వెళ్తే, మార్కెట్ రోడ్డు మీద దుకాణంలో గల్లా దగ్గర కూచున్నది వేణు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, పొడుగు మాత్రం అలాగే ఉంది. ఒకర్నొకరు గుర్తుపట్టి చాయ్ తెప్పించుకున్నాం. గోడ మీది టీవీలో క్రికెట్, తెర మీద ఆ యంత్రం గీతలు గీస్తోంది. వేణు బెంచీ మీది రైతులకు హుషారుగా చెప్పడం మొదలుపెట్టాడు, తమ కాలంలో ఒక తెల్ల సారు ఉండేవాడని, పెద్ద నీతులు చెప్పి, చివరికి ఫైనల్లో సొంత పిల్లాడికి అవుట్ ఇవ్వలేదని, తర్వాత చెవుడని నాటకమాడాడని. ఆ పిల్లాడు వీడే అని నన్ను చూపించి నవ్వాడు. రైతులూ నవ్వారు. అన్నేళ్లుగా ఆ దుకాణంలో ఆయన పేరు అలా నడుస్తోందన్నమాట.

"తాకింది వేణూ," అన్నాను. "నేనే అబద్ధమాడిన. సారుకు నిజంగనే ఇనపడకపోతుండె."

"తాకిందని నాకు తెల్వదా, చప్పుడు నేనిన్న. నాకెందుకు చెప్తానవ్ గిప్పుడు? ఆయినకు చెప్పకపోయినవా?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"తప్పు నాదన్నడు."

వేణు చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. అసొంటి మనిషిని పట్టుకొని ఇన్నేండ్లు దొంగన్నం గదరా అన్నాడు. అక్కడితో ఊరుకుంటే నాకూ గౌరవంగానే ఉండేది, గురువుకు నిజం ఒప్పుకున్న శిష్యుడిగా ఇంటికి పోదును. బెంచీ మీది వాళ్లు కూడా అదే చూపు చూస్తున్నారు. అప్పుడు మిగతాది కూడా చెప్పాను. ఆయనకు చెవుడున్న పక్క ఏరి కూచుని చెప్పానని, ఆయనకు ఒక్క ముక్క వినపడలేదని, తెలిసే కూచున్నానని, టీవీ మోత మీద అందరికీ వినపడేంత గట్టిగా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వేణు విత్తనాల ప్యాకెట్లు సంచిలో వేసి, నా ముఖం చూడకుండా చేతికిచ్చాడు.

కథ చెప్పడం వాడు మానలేదు, మానే మనిషి కాదు. కాకపోతే ఇప్పుడు సారును మంచోడంటాడు, దొంగ నేను. గిరాకీ ఎంత ఉన్నా, విత్తనాలకో పురుగుమందులకో నేను గడప ఎక్కగానే, గదిగో ఆ పిలగాడు వచ్చిండు అని మొదలుపెడతాడు. కొత్తవాళ్లు తల తిప్పి చూస్తారు, నా చెవులు వేడెక్కుతాయి. విత్తనాలు అమ్మే దుకాణాలు ఆ రోడ్డు మీద ఇంకా చాలా ఉన్నాయి, నేను మాత్రం దానికే వెళ్తున్నాను.